చిన్నమ్మ రిపోర్ట్‌లో ఆ త్రీ ప్లస్

చిన్నమ్మ రొమ్ముల గడ్డకు చేసిన బయాప్సీ రిపోర్ట్ వచ్చిన రోజు పరకాల నుంచి తమ్ముడు వాట్సాప్‌ల ఫోటో పెట్టిండు, దాని కిందనే వాయిస్ మెసేజ్. "అన్నా, ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్ అని వచ్చింది, రెండు నెగటివే, మూడోది ఒక్కటే పాజిటివ్, అంటే కొంచెమే ఉన్నట్టు కదా?" కరోనా టైంల నెగటివ్ అంటే బతికిపోయినం అని అలవాటైన ఇల్లు మరి. చిన్నాయన అయితే అప్పటికే కొబ్బరికాయ కొట్టొద్దామని బండి తీసిండంట. నేను హనుమకొండల కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్తా, అందుకని మా చుట్టాల్లో ఎవరికి పానం బాగలేకపోయినా రిపోర్టులన్నీ నా ఫోన్‌కే వస్తయ్, నేను డాక్టర్‌ని కాదురా అని ఎంత మొత్తుకున్నా ఇనరు.

ఆ రిపోర్ట్‌ల నెగటివ్ అంటే క్యాన్సర్ లేదని కాదు. గడ్డలోని కణాల మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు లేవు, అందుకే టామాక్సిఫెన్ లాంటి, హార్మోన్‌ను అడ్డుకునే గోలీలు ఈమెకు పనిచెయ్యవు, అంతే దాని అర్థం. ఒక తలుపు మూసుకున్నట్టు. మూడోది, హెర్2 3+ అని ఉన్నది, అదీ ఆమెకు తెరిచి ఉన్న తలుపు, పాజిటివ్ వచ్చినందుకే ఆమెకు పనికొచ్చే మందు ఒకటి ఉంది. ఇది ఫోన్ల సమజ్ చేసేసరికి నాకు అరగంట పట్టింది, చిన్నాయనకు అప్పటికీ డౌటే. ఆ అరగంటల చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్న, అంటే ల్యాబుల కూసొని కణాన్ని గెలికేటోళ్ల పని నుంచి మన ఇంటి దాకా మందు ఎట్ల వస్తదో.

ముందు ఆ త్రీ ప్లస్ సంగతి. గడ్డ ముక్కను మైనంల పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగ కోసి, గాజు స్లైడ్ మీద అతికించి, హెర్2 ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పోస్తరు. పట్టుకున్న చోట గోధుమ రంగు తేలుతది. పది శాతం కంటే ఎక్కువ కణాల చుట్టూ ఆ గోధుమ గీత ముదురుగ, ఎక్కడా తెగకుండ గుండ్రంగ కనబడితే 3+. గీత గుండ్రంగ ఉన్నా అంత ముదురుగ లేకపోతే 2+, అప్పుడు ఫిష్ అని ఇంకో టెస్ట్ రాస్తరు (చేపతోటి సంబంధం లేదు, జీన్ ఎన్ని కాపీలు ఉందో లెక్కపెట్టే టెస్ట్ అది).

హెర్2 అనేది క్యాన్సర్ వచ్చినోళ్లకే ఉండేది కాదు, మీకూ ఉంది నాకూ ఉంది. కణం పై పొర మీద నిలబడి "పెరుగు" అనే కబురును లోపలికి పంపే యాంటెన్నా లాంటిది. మామూలు రొమ్ము కణం మీద సుమారు 20 వేలు ఉంటే, ఆ జీన్ కాపీలు పెరిగిపోయిన క్యాన్సర్ కణం మీద 20 లక్షల దాకా ఉండొచ్చు, బతుకమ్మ నాడు గుడి దగ్గర జనం లెక్క ఒకదాన్ని ఒకటి తోసుకుంట. హెర్2లు రెండు జతకడితేనే కబురు లోపలికి పోతది, ఇంత ఇరుకుల ఎవరూ పిలవకుండనే వాటంతట అవే జతకడ్తయ్, ఇగ కణం ఆగమన్నా ఆగదు.

మనం క్యాన్సర్‌ను బయట నుంచి వచ్చి ఒంట్లో చేరిన పురుగు అనుకుంటం. కొందరు సైంటిస్టులు కూడా చాన ఏండ్లు అట్లనే అనుకున్నరు, దానికి కారణం ఒక కోడి. న్యూయార్క్‌ల పేటన్ రౌస్ అనే ఆయన దగ్గరికి గడ్డ ఉన్న కోడిని తెస్తే, ఆయన ఆ గడ్డను నూరి, కణాలు ఒక్కటి కూడా దాటకుండ వడబోసి, ఆ రసం ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ గడ్డ వచ్చింది. 1911ల ఇది అచ్చయింది, అంటే క్యాన్సర్‌ను వైరస్ మోసుకొస్తుందన్నట్టు. ఆయనకు నోబెల్ 1966ల ఇచ్చిన్రు, 55 ఏండ్ల తర్వాత, మనిషి గట్టోడు కాబట్టి బతికున్నడు. అసలు దిమ్మతిరిగే ముచ్చట 1976ది. ఆ వైరస్‌ల క్యాన్సర్ తెచ్చే జీన్, పేరు సార్క్, దాన్ని మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ వాళ్ల టీం వెతుకుకుంట పోతే ఏ జబ్బూ లేని కోళ్లల్ల కూడా దొరికింది. అంటే వైరస్సే ఎప్పుడో కోడి కణంల నుంచి దాన్ని ఎత్తుకపోయిందన్నమాట. క్యాన్సర్ జీన్ అనేది మన ఇంటి పిల్లగాడే, మనల్ని పెంచే జీనే చెడిపోయి అట్ల తయారైతది. అందుకే వైద్యం ఇంత కష్టం, సొంత ఇంట్లోని మనిషిని కొట్టాలె, ఇల్లు మాత్రం కూలొద్దు.

ఇగ టార్గెట్, అంటే మందు తగలాల్సిన చోటు, దొరికిన కథల్లో నేను క్లాస్‌ల ఎప్పుడూ చెప్పేది సీఎంఎల్‌ది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. ఫిలడెల్ఫియాల పీటర్ నోవెల్ ఈ కణాల స్లైడ్లు కడిగేటప్పుడు మామూలు నల్లా నీళ్లు పోసిండు, నీళ్లు తాగి కణాలు ఉబ్బినయ్, లోపల ముద్దగ ఉండే క్రోమోజోములు విడివిడిగ పరుచుకున్నయ్. డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే స్టూడెంట్ వాటిని చూస్తే ఒక క్రోమోజోము ఉండాల్సిన దానికంటే పొట్టిగ కనబడ్డది, పేషెంట్ మారినా అదే పొట్టిది. 1960ల ఈ సంగతి బయటపెట్టిన్రు. పొట్టిదైంది సరే, మరి మిగిలిన ముక్క ఎటు పోయింది?

ఆ ముక్క దొరికేసరికి పదమూడేండ్లు పట్టింది. షికాగోల జానెట్ రౌలీ అనే డాక్టర్, పిల్లల తల్లి, మైక్రోస్కోప్ ఫోటోలు ఇంటికి తెచ్చుకొని డైనింగ్ టేబుల్ మీద పరిచి, కత్తెరతోటి ఒక్కొక్క క్రోమోజోమును కత్తిరించి, చారలు చూసుకుంట జతలు జతలుగ పెట్టేదంట. అమ్మ కాగితం బొమ్మలాట ఆడుతుందని పిల్లలు నవ్వేటోళ్లంట. ఆ బొమ్మలాటలనే 1973ల ఆమెకు తేలింది, 22వ క్రోమోజోము ముక్క ఎటూ పోలేదు, తొమ్మిదో దాని కొసకు అతుక్కొని ఉంది, తొమ్మిదో దాని ముక్క ఇటు వచ్చింది. ఇచ్చి పుచ్చుకున్నయ్. నాకైతే ఈ మొత్తం చరిత్రల ఇష్టమైన సీన్ ఇదే, కోట్ల రూపాయల మెషీన్ ఏదీ లేదు, కత్తెర, కాగితం, భోజనం బల్ల.

తర్వాత 1980లల్ల ఆ అతుకు దగ్గర ఏముందో చూస్తే, ఇటు బీసీఆర్, అటు ఏబీఎల్ అని రెండు వేర్వేరు జీన్లు అతుక్కొని ఒక్క ప్రొటీన్ తయారైతుంది. ఏబీఎల్ ఒక కైనేజ్, అంటే వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అంటించి స్విచ్ వేసే ఎంజైమ్. మామూలుగ దానికి తనను తను కట్టేసుకునే ఏర్పాటు ఉంటది, బీసీఆర్ వచ్చి అతుక్కునేసరికి ఆ కట్టు ఊడిపోయింది, స్విచ్ వేసింది వేసినట్టే ఉంది. 1990ల ఈ ఒక్క జీన్‌ను ఎలుకల మూలుగ కణాల్లోకి ఎక్కిస్తే (మటన్ బొక్కల పీల్చుకునే మూలుగ, అదే) ఎలుకలకు అసొంటి జబ్బే వచ్చింది. అప్పటిదాక అది జబ్బుకు గుర్తు మాత్రమే, అక్కడి నుంచి జబ్బుకు మూలం అయింది.

స్విట్జర్లాండ్‌ల సీబా-గైగీ కంపెనీల అప్పటికే నిక్ లైడన్ వాళ్లు కైనేజ్‌లను ఆపే రసాయనాలు చేస్తున్నరు. అమెరికా డాక్టర్ బ్రయన్ డ్రకర్ వాటిని తెప్పించుకొని సీఎంఎల్ కణాల మీద వేసి చూస్తే ఒకటి వాటిని చంపి మంచి కణాల జోలికి పెద్దగ పోలేదు. కంపెనీకి మొదట్ల అంత ఆసక్తి లేదు, ఈ జబ్బు వచ్చేటోళ్లు తక్కువ, ఎంత అమ్ముడుపోతది అని లెక్కలు. 1998 జూన్‌ల ట్రయల్ మొదలైంది. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిల 53 మందికి రక్త కణాల లెక్క మామూలుకు వచ్చింది. అప్పటిదాక వాడే ఇంటర్ఫెరాన్ అనే మందు పనిచెయ్యక వదిలేసినోళ్లు వాళ్లంతా. 2001 మేల అమెరికాల పర్మిషన్ వచ్చింది, ఇమాటినిబ్, కంపెనీ పేరు గ్లివెక్. నల్లా నీళ్ల నుంచి గోలీ దాక 41 ఏండ్లు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగ చెప్పాలె, వాట్సాప్‌ల "క్యాన్సర్‌కు కారణమైన జీన్ దొరికింది, ఇగ మందు వచ్చినట్టే" అని తిరిగే వార్తలన్నిటికీ ఇదే జవాబు. క్యాన్సర్ కణంల చెడిపోయినవి ఎన్నో ఉంటయ్, చెడిపోయిన ప్రతిదీ టార్గెట్ కాదు. అది లేకపోతే ఆ కణం బతకలేదు అనేదే టార్గెట్. మారింది వేరు, అవసరమైంది వేరు. ఆ రెండిటికి మధ్య ఉన్న తేడా పట్టుకునుడే ఈ రీసెర్చ్ అంతా.

మెల్క్ అని ఒక ప్రొటీన్ ఉంది. రొమ్ము క్యాన్సర్‌తోటి ఇంకా చాన క్యాన్సర్లల్ల అది ఎక్కువ ఉంటది, దాన్ని తగ్గిస్తే కణాలు చస్తున్నయ్ అని పేపర్లు వచ్చినయ్, దాన్ని ఆపే మందు చేసిన్రు, మనుషుల మీద ట్రయల్స్ కూడా మొదలుపెట్టిన్రు. 2017ల అమెరికాల కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబ్‌ల జేసన్ షెల్ట్జర్ గ్రూపు, అందుల కాలేజీ చదివే పిల్లలు కూడా ఉన్నరు, క్రిస్పర్ అనే జీన్ కత్తెరతోటి ఆ జీన్‌ను మొత్తానికే కోసేసి చూసిన్రు. కణాలు హాయిగ పెరుగుతనే ఉన్నయ్! ఇంకా తమాషా ఏంటంటే, మెల్క్ అసలే లేని కణాలను కూడా ఆ మందు అట్లనే చంపుతుంది. అంటే అది కొడుతుంది వేరేదాన్ని. పాత పద్ధతిల జీన్‌ను సగం సగం తగ్గించేటప్పుడు పక్క జీన్లకు కూడా దెబ్బ తగిలేది, ఆ దెబ్బను చూసి మెల్క్ మహిమ అనుకున్నరు. ఇసొంటి పిల్లలను చూస్తే మాస్టారుగ నాకు మస్తు ఖుషీ అయితది.

ఇప్పుడు అదే క్రిస్పర్‌తోటి వందల రకాల క్యాన్సర్ కణాలల్ల ఒక్కొక్క జీన్‌ను, దాదాపు ఇరవై వేల జీన్లను, తీసేసుకుంట ఏది తీస్తే ఏ కణం చచ్చిందో పట్టిక రాస్తున్నరు. కాకపోతే ప్లాస్టిక్ గిన్నెల పెరిగే కణం వేరు, ఒంట్లో రక్తం, ఇమ్యూనిటీ మధ్యల పెరిగేది వేరు, అందుకే గిన్నెల గెలిచి మనిషి దగ్గర ఓడిపోయే టార్గెట్లే ఎక్కువ.

అవసరం అన్నంక ఇంకో ప్రశ్న వస్తది, క్యాన్సర్‌కు అవసరమే, మరి మనకు? భీమవరంల పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీం అమెరికాల లెడర్లీ కంపెనీల అమినోప్టెరిన్ అనే మందు చేసి ఇస్తే, సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఎక్కిస్తే 10 మంది కోలుకున్నరు, కొన్ని నెలలే కావొచ్చు కానీ 1948ల అది కూడా అద్భుతమే. అదీ కణం అవసరం చూసి కొట్టిన దెబ్బే, డీఎన్ఏ కట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలె, అది అందకుండ చేసిన్రు. కానీ ఫోలిక్ యాసిడ్ మన జుట్టు కుదురుకు, నోటి లోపలి పొరకు, మూలుగకు కూడా కావాలె, అందుకే కీమోల జుట్టు రాలుడు, నోరు పూసుడు. బీసీఆర్-ఏబీఎల్ అయితే మంచి కణంల అసలు ఉండనే ఉండదు. అన్ని క్యాన్సర్లల్ల అంత అదృష్టం ఉండదు.

పీ53నే తీసుకోండి. 1979ల కనబడ్డది, దాదాపు సగం క్యాన్సర్లల్ల అది చెడిపోయి ఉంటది, క్యాన్సర్‌ల ఇంత పేరున్న జీన్ ఇంకోటి లేదు. అయినా దాని మీద మందు లేక ఇన్నేండ్లు ఎందుకు తిప్పలు పడ్డరంటే అది కణం పెరుగుడును ఆపే బ్రేక్. ఎక్కువ పనిచేసేదాన్ని మందుతోటి ఆపొచ్చు, ఊడి పడిపోయిన బ్రేక్‌ను గోలీ వేసి పనిచేయించుడెట్ల? కేరాస్ అనే ఇంకో జీన్ కథ ఉల్టా. అది యాక్సిలరేటరే, 1982 నుంచి తెలుసు, కానీ ఆ ప్రొటీన్ నున్నటి గుండు లెక్క ఉంటది, మందు ఇరుక్కునే సందు లేదు. ముప్పై ఏండ్ల దాక దానికి మందు కుదరదనే అన్నరు. 2013ల కెవాన్ షోకట్ గ్రూపు కేరాస్‌ల జీ12సీ అనే ఒక్క రకం మార్పు ఉన్నప్పుడు మాత్రం తెరుచుకునే చిన్న సందు పట్టుకున్నది, ఆ సందుల దూరే మందు సోటోరాసిబ్ 2021 మేల వచ్చింది, కొందరు ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లకు.

ఊడిన బ్రేక్‌కు కూడా చుట్టుదారి ఒకటి దొరికింది, అది నాకు అన్నిటికంటే తెలివైన ఐడియా అనిపిస్తది. మనం హైదరాబాద్ పోవాలంటే రోడ్డు ఉంది, కాజీపేటల రైలు ఉంది. ఒకటి బంద్ అయినా ఇంకోదాంట్ల పోతం. కణం కూడా తెగిన డీఎన్ఏను అతికించుకునే దారులు ఒకటికి మించి పెట్టుకుంటది. బీఆర్‌సీఏ జీన్లు చెడిపోయిన క్యాన్సర్ కణంల ఒక దారి అప్పటికే బంద్ ఉంటది. 2005ల రెండు గ్రూపులు వేర్వేరుగ చూపించిన్రు, అసొంటి కణంల పార్ప్ అనే ఎంజైమ్‌ను కూడా ఆపితే రెండో దారీ పోయి కణం చస్తది, మంచి కణానికి మొదటి దారి ఉంది కాబట్టి అది ఎట్లనో నెట్టుకొస్తది. ఆ ఆలోచన మీద వచ్చిన ఓలాపారిబ్‌కు 2014 డిసెంబర్‌ల పర్మిషన్ వచ్చింది, అండాశయ క్యాన్సర్‌కు. పోయిన జీన్‌ను తెచ్చిపెట్టుడు చాతకాకపోతే, అది పోయినందుకు కణం దేని మీద ఆనుకొని బతుకుతుందో చూసి అది గుంజేసుడన్నమాట.

సరే టార్గెట్ దొరికింది, మందు వచ్చింది, మరి ఎందుకు తిరగబెడ్తది అని అడుగుతరు. దీనికి మన జిల్లాల పత్తి రైతుకు చెప్పినంత సులువుగ ఇంకెవరికీ చెప్పలేను. 2002ల మన దేశంల బీటీ పత్తికి పర్మిషన్ వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు పీడ పోయిందని అందరం అనుకున్నం, 2006ల రెండు జీన్ల విత్తనం కూడా వచ్చింది. కొన్నేండ్లకు గులాబీ రంగు పురుగు మళ్లా కాయల దూరి కూసుంది, గుడ్డిపూలు మళ్లా కనబడ్డయ్. మందు పురుగుకు కొత్త విద్య నేర్పలే. లక్షల పురుగులల్ల ఆ విషానికి చావనివి ఒకటో రెండో ముందే ఉంటయ్, మిగిలినవి చచ్చి చేను ఖాళీ అయితే వాటి సంతానమే నిండుతది. గడ్డల కూడా అచ్చం ఇదే. ఇమాటినిబ్ పనిచెయ్యకుండ పోయినోళ్లల్ల ఏమైందని 2001ల చార్ల్స్ సాయర్స్ గ్రూపు చూస్తే, ఆ ప్రొటీన్‌ల 315వ చోట ఒక్క అమైనో యాసిడ్ మారి, మందు కూసునే పీటకు మొల వచ్చినట్టయింది. ఇసొంటి మార్పులు వచ్చినా పనిచేసే మందుల కోసం వెతికిన్రు, 2006ల డాసాటినిబ్ వచ్చి వేరే మార్పులను చాన వరకు పట్టింది, ఈ 315ను మాత్రం కాదు, దానికి పొనాటినిబ్ దాక, 2012 దాక ఆగాల్సి వచ్చింది. బీటీ ప్యాకెట్ల వెంట చేను చుట్టు వెయ్యమని నాన్-బీటీ గింజల చిన్న ప్యాకెట్ వచ్చేది గుర్తుందా, మనోళ్లు చానమంది దాన్ని గట్టు మీద పారేసిన్రు, దాని ఉద్దేశం కూడా ఈ ఎంపికను ఆలస్యం చేసుడే.

ఇంకో చిత్రం, ఒకటే మార్పు ఒక చోట టార్గెట్, ఇంకో చోట కాదు. బీరాఫ్ అనే జీన్‌ల ఒక మార్పుకు 2011ల వచ్చిన వెమురాఫెనిబ్ మెలనోమా అనే చర్మపు క్యాన్సర్‌ల మస్తు పనిచేసింది, అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌ల చప్పబడ్డది. 2012ల తేలిందేంటంటే పేగు కణంల బీరాఫ్‌ను ఆపంగనే ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో యాంటెన్నా లేచి పని అందుకుంటది. రెండిటినీ కలిపి ఆపాలె.

నేను పైన అవసరమైందే టార్గెట్ అని గట్టిగ చెప్పిన కదా, దానికి తప్పించుకునే దారి కూడా ఒకటి ఉంది, నిజాయితీగ చెప్పాలె. హెర్2ను అడ్రస్ లెక్క వాడి, యాంటీబాడీకి కీమో మందును కట్టి పంపే ఇంజెక్షన్లు వచ్చినయ్. అక్కడ హెర్2 మీద కణం ఆధారపడాల్సిన పని లేదు, ఇంటి ముందర నేమ్ ప్లేట్ లెక్క ఉంటే చాలు. అందుకే 2022ల హెర్2 తక్కువ ఉన్న, అంటే ఇదివరకు నెగటివ్ కింద రాసిన రొమ్ము క్యాన్సర్లకు కూడా అసొంటి మందుకు పర్మిషన్ వచ్చింది. మా చిన్నాయన నెగటివ్-పాజిటివ్ లెక్కకు ఇంకో చిక్కు.

ధర ముచ్చట కూడా ఇందులదే. గ్లివెక్ మన దేశంల నెలకు లక్షా ఇరవై వేల దాక ఉండేది, చాన మందికి ఫ్రీగ ఇస్తున్నమని కంపెనీ అనేది. హైదరాబాద్ నాట్కో 2003ల జనరిక్ తెచ్చింది, నెలకు పది వేల లోపు. పేటెంట్ కొట్లాట సుప్రీంకోర్టు దాక పోయి 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్‌కు పేటెంట్ లేదని తీర్పు వచ్చింది. అంతకు ముందు 2012ల సోరాఫెనిబ్ అనే ఇంకో మందుకు దేశంల మొదటి కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ వేరేవాళ్లదైనా తయారు చేసుకోనిచ్చే పర్మిషన్, కూడా నాట్కోకే, నెలకు రెండు లక్షల ఎనభై వేల మందు 8,800కు. టార్గెట్ ఎంత గొప్పదైనా పరకాల దాక రావాలంటే కోర్టు మెట్లు కూడా ఎక్కాలె.

చిన్నమ్మకు ఇప్పుడు ఎక్కుతున్నది ట్రాస్టుజుమాబ్. డెన్నిస్ స్లామన్ 1987ల హెర్2 కాపీలు ఎక్కువున్న రొమ్ము క్యాన్సర్ తొందరగ తిరగబెడ్తదని చూపించినంక, 1998 సెప్టెంబర్‌ల వచ్చిన యాంటీబాడీ. ఆ యాంటెన్నాలను బయట నుంచి పట్టుకుంటది, ఇమ్యూన్ కణాలకు గుర్తు పెడ్తది. మూడు వారాలకోసారి, ఏడాది. మనకు ఇక్కడ తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు మందు లెక్కనే పనిచేసేవి, 2014 నుంచి ఉన్నయ్ కాబట్టి ఆ మాత్రం అందుతుంది.

మూడు నెలలకోసారి 2డీ ఎకో కూడా రాసిన్రు. "గడ్డ రొమ్ముల ఉంటే గుండెకెందుకు టెస్ట్ బిడ్డా, నాకు చెప్పకుండ ఇంకేమన్న దాస్తున్నరా?" అని చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొని అడిగింది. దాచింది ఏం లేదు. గుండె కండరం కూడా దెబ్బ తగిలినప్పుడు తట్టుకునేందుకు అదే హెర్2ను వాడుకుంటది. మొదటి పెద్ద ట్రయల్‌ల ఈ మందును ఎర్ర రంగు కీమోతోటి కలిపి ఇచ్చినోళ్లల్ల 27 శాతం మందికి గుండె పనితనం దెబ్బతిన్నది, అప్పటి నుంచి రెండూ ఒకేసారి ఇవ్వకుండ, గుండెను కొలుచుకుంట పోతరు. కొట్టేది సొంతింటి మనిషిని అన్న కదా, ఆ మనిషి గుండెల కూడా ఉన్నడు.

పోయిన ఎకోల ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 అని వచ్చింది. తమ్ముడు వాయిస్ మెసేజ్‌ల 'ఇంజెక్షన్' అన్నడు గానీ, దీనికి సూది మందుతోటి సంబంధం లేదు. చిన్నాయన ఆ కాగితం చూసి "అరవై మార్కులు, ఫస్ట్ క్లాస్ కదరా" అన్నడు. గుండెల నిండిన రక్తంల ఒక్క దెబ్బకు ఎంత శాతం బయటికి నెడ్తదో అది, 55 దాటితే చాలు. ఈసారి చిన్నాయన చెప్పిందే కరెక్ట్.